మొద్దుగుల్ల వయసు

“ఒసే, ఈ గుల్లకి ఎన్నేళ్ళుంటాయంటావు?”

“నీకంటే రెండేళ్ళు సిన్నదై ఉంటాది. గెంజి తాగి తొంగో.”

మా ఇంటాయనా నేనూ ఆఖరుగా ఆడుకున్న మాటలు ఇవే. ఇంతకు మించి ఏమీ లేవు. ఇన్నేళ్ళ కాపురానికి చివర ఏదో గొప్ప మాట ఉంటుందనుకుంటారు జనం. పెద్దదినానికి వచ్చిన ఆడవాళ్ళందరూ నన్ను అదే అడిగారు, పోయేముందు ఏమన్నాడమ్మా అని. నేను చెబితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద ఆ గుల్లను పెట్టుకుని బొటనవేలితో రుద్దుతున్నాడు. చెవి మందం కాబట్టి ఎప్పటిలాగే అరిచి అడిగాడు. నాది చిన్నప్పటినుంచీ సున్నపు దుమ్ము మింగిన బొంగురు గొంతు. నేనూ అరిచే చెప్పాను. నా మాటకు ఆయన నవ్వాడో, దగ్గాడో తెలియదు. అసలు వినపడిందో లేదో కూడా తెలియదు. పెరట్లోకి వెళ్ళి రోట్లో పప్పు రుబ్బుకుని, చేతులు కడుక్కుని వచ్చేసరికి మనిషి లేడు. గుల్ల మాత్రం పిడికిట్లో ఉంది. ఆ పిడికిలి విప్పడానికి మా మరిదీ నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

ఇది రాస్తున్నది ఆ మరిది కూతురు రాజేశ్వరి. విజయనగరంలో కాలేజీలో రాళ్ళ చదువు చెబుతుంది. నాకు సంతకం వచ్చు, బస్సు నొసటి మీద ఊరిపేరు కూడబలుక్కుంటాను, అంతే. అందుకని నేను చెబుతున్నాను, తను రాస్తోంది. నా మాటలు కొంచెం పుస్తకం భాషలో పెడతానంది. పెట్టుకో అన్నాను, కానీ మనుషులు మాట్లాడిన చోట మాత్రం వాళ్ళ నోట్లోంచి ఊడిపడ్డట్టే రాయమన్నాను. మా అత్త చేత పుస్తకం భాష మాట్లాడిస్తే ఆవిడ పైలోకం నుంచి దిగివచ్చి ఇద్దరినీ తిడుతుంది.

పెద్దదినం అయిన మర్నాడు ఇల్లు కడుగుతున్నాం. గదిలో గోడకు దీపం పెట్టుకునే గూడు ఉంది. గుల్ల ఎప్పుడూ అక్కడే ఉండేది, మళ్ళీ అక్కడే పెట్టాను. పిడికిట్లో పట్టేంత ఉంటుంది. రెండు చిప్పలూ మూసుకునే ఉన్నాయి, లోపలంతా రాయి. రాజేశ్వరి దాన్ని తుడిచి పెడదామని తీసింది. తీసినదల్లా అలాగే వాకిట్లోకి నడిచింది, వెలుగులో తిప్పి తిప్పి చూసింది, తడి నేలని కూడా చూసుకోకుండా చతికిలబడింది. ఎక్కడిదిది అని అడిగింది. మన సున్నపు బట్టీ దగ్గరిదే, ఇలాంటివి పారబోసేవాళ్ళం అన్నాను.

“పారబోసీవోరా? ఎన్ని ఉండీవి దొడ్డమ్మా?”

“ఎన్నేటే, ఆ సేను గట్టే అవి.”

దాని ముఖం చూస్తే, ఇంటి గట్టు కింద బంగారం పాతిపెట్టి మరిచిపోయామని నేను చెప్పినట్టుంది. అది పుట్టేసరికి బట్టీ లేదు, గట్టూ లేదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. నా జన్మలో ఎవరూ నన్ను కూర్చోబెట్టి ఇవన్నీ అడగలేదు.

నాకు ఊహ తెలిసేసరికి మా మేనత్త ఇంట్లో ఉన్నాను. అమ్మానాన్నలది ఎగువన మెట్ట ఊరు, చోళ్ళూ, అంటే రాగులూ, నువ్వులూ పండించేవారు. అత్త వాళ్ళది పల్లపు ఊరు, వరి. వానాకాలమంతా అన్ని ఊళ్ళలాగే ఉండేది. కోతలై, నేల నెరలు విచ్చాక మొదలయ్యేది అసలు పని. ఆ పొలాల కింద మనిషి లోతు తవ్వితే నల్లటి జిగురుమట్టిలో అన్నీ గుల్లలే. సముద్రం అక్కడికి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. అంత దూరంలో గుల్లలెందుకున్నాయని మేమెవ్వరం ఆశ్చర్యపోలేదు. చేలో మట్టి ఎందుకుందని ఎవరైనా ఆశ్చర్యపోతారా? ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా వచ్చి, ఎవరో ఏదో అంటే అలిగి వెనక్కి పోయిందని మా అత్త చెప్పేది. ఎవరేమన్నారత్తా అంటే, నీలాగే పని మానీసి కూసున్న గుంట ఎవత్తో అనుంటాదిలే అనేది.

ఆ ఇంట్లో తెల్లవారడమంటే వాసనలే. ముందు పేడకళ్ళాపు, తర్వాత చోడి అంబలి, దాని వెనకాల పొలం వైపు నుంచి తవ్విపోసిన మట్టి కుళ్ళు వాసన. బట్టీ అంటించిన రోజున ఇవన్నీ పోయి ముక్కులో ఒకటే మంట. చేతులకూ కాళ్ళకూ నువ్వులనూనె పట్టించి వెళ్ళేవాళ్ళం, లేకపోతే సున్నం చర్మాన్ని తినేస్తుంది. కింద ఊక, పైన బొగ్గు, ఆపైన గుల్ల, మళ్ళీ బొగ్గు, మళ్ళీ గుల్ల, ఇలా మనిషెత్తు పేర్చి కాల్చేవారు. కాలిన గుల్ల చూడటానికి గుల్లలాగే ఉంటుంది, ముట్టుకుంటే అటుకులా పెళుసు. నీళ్ళు చల్లితే బుస్సుమని పొంగి, వేడి కక్కి, తెల్లటి పిండైపోతుంది. అందులో ఇసుక కలిపి గానుగాడిస్తే గోడలకు; మెత్తగా జల్లిస్తే తాంబూలానికి. ఇంటికొచ్చాక అత్త అందరి నోట్లో తలా ఒక బెల్లంముక్క పెట్టేది, గొంతులో దుమ్ము దిగాలని. కొడుకులకు పెద్దముక్క, కోడళ్ళకు చిన్నముక్క. నాకు మధ్యరకం, ఇంకా కోడల్ని కాలేదు కాబట్టి.

ఆడవాళ్ళ పని గుల్ల ఏరడం. కడిగిన గుల్లల కుప్ప ముందు కూర్చుని, రెండేసి తీసుకుని ఒకదానితో ఒకటి తట్టాలి. టంగుమంటే మంచిది, గంపలోకి. దబ్బుమంటే లోపల మట్టి గడ్డకట్టి రాయైపోయిందన్న మాట, దాన్ని మొద్దుగుల్ల అనేవాళ్ళం, అది గట్టు మీదికి. మొద్దుగుల్ల బట్టీలోకి పోతే లోపలి గడ్డ కాలదు, సున్నంలో రాళ్ళు వస్తాయి. ఒకసారి అరసవల్లి నుంచి కిళ్ళీకొట్టు ఆసామి వచ్చి, విరిగిన తన పన్ను కాగితంలో చుట్టి తెచ్చి మా అత్త చేతిలో పెట్టాడు. అత్త దాన్ని తిప్పి చూసి, పుచ్చుపన్ను తెచ్చి మా సున్నం మీద ఎడతావేటి అని పంపేసింది. ఆ మర్నాటినుంచి మా వీపుల వెనకే కూర్చుని ఒక్కో చప్పుడూ వినేది.

మా బావ, అంటే ఆ తర్వాత నా మొగుడైన మనిషి, అత్తకు రెండో కొడుకు. గంపలు మోసేవాడు. నేను ఏరి వెనక్కి చూడకుండా విసిరిన మొద్దుగుల్ల ఒకటి ఆయన నుదుటికి తగిలింది. కనుబొమ్మ పైన చీరుకుని రక్తం కారి ముక్కుదాకా వచ్చింది. నేను బిగుసుకుపోయాను, అత్త చంపేస్తుందని. ఆయన గంప దించి, చేత్తో తుడుచుకుని, అందరూ వినేలా అన్నాడు.

“నడినొసట బొట్టెట్టీసినావు కదే. ఇంక నన్నెవులు సేసుకుంటారు? నువ్వే సేసుకోవాల.”

ఆడవాళ్ళందరూ పడి పడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆ గుల్లను వెతికి తీసి రొంటిన దోపుకున్నాడు. పెళ్ళయ్యాక చూస్తే గూట్లో ఉంది. అప్పుడప్పుడూ తీసి, నుదుటి మచ్చకు ఆనించి, సరిపోయిందో లేదో చూసుకున్నట్టు నన్ను ఏడిపించేవాడు. అదీ ఆ గుల్ల కథ. గూట్లోంచి తియ్యడం, రుద్దడం, పెట్టడం. ముసలితనంలో అది ఎక్కువైంది.

మా వాళ్ళు చేసే పని ఇంకొకటి చెప్పాను, చెప్పగానే రాజేశ్వరి రెండు చేతులతో తల పట్టుకుంది. ఎండాకాలం చివర గోతులు పూడ్చేముందు, అత్త మంచి గుల్లలు ఒక గంపెడు ఏరి, పసుపు చల్లి, గోతి అడుగున పోయించేది. విత్తనానికి. సముద్రం వెళ్తూ వెళ్తూ విత్తనం వదిలిపోయిందని, అందుకే ఏటేటా తవ్వినా గుల్లలు ఊరుతూనే ఉన్నాయని మా నమ్మకం. దుంపల్లాగే భూమిలో పుడతాయనుకున్నాం. సముద్రపు ఒడ్డున ప్రాణంతో ఉండే గుల్లలు మేం చూడలేదా, చూశాం, కూర కూడా వండుకున్నాం. అవి వేరు, ఇవి వేరు అనుకున్నాం. అవి ప్రాణం, ఇవి పంట.

“ఒక్కటీ మొలవలేదు దొడ్డమ్మా,” అంది రాజేశ్వరి. “అవీ ఇవీ ఒకటే. ఇవి ఎప్పుడో బతికి సచ్చిపోనవి.”

నోట్లో తాంబూలం ఉంది నాకు. నమలడం ఆగిపోయింది. ఆ తాంబూలంలో ఉన్నది సున్నమే కదా. తర్వాత రాజేశ్వరి చెప్పినదంతా నాకు తెలిసినట్టు చెబుతాను, తప్పుంటే అది దిద్దుతుంది. మా ఊరి పొలాలన్నీ ఒకప్పుడు ఉప్పునీటి మడుగు. ఆ బురదలో ఈ గుల్లలు బతికేవి. చచ్చినవి చాలావరకు అలలకు పగిలి పిండైపోతాయి. ఏ వరదకో ఒక్కసారిగా మట్టి కప్పేస్తే, ఆ మరుగున పడినవే నిలుస్తాయి. లోపలి మెత్తటి ఒళ్ళు కుళ్ళిపోతుంది, ఆ ఖాళీలో మెత్తటి బురద చేరుతుంది. పైన ఏటేటా ఒక పొర. సున్నం కరిగిన నీళ్ళు ఊరి ఊరి ఆ బురదను బిగిస్తాయి. బెల్లం అచ్చులో పాకం పోస్తే గట్టిపడ్డట్టే అంది. ఇంకా లక్షల ఏళ్ళు వదిలేస్తే పై చిప్ప కూడా కరిగిపోయి, దాని రూపంలో రాయే మిగులుతుంది. మా గుల్ల ఇంకా అంతదూరం పోలేదట. చిప్ప చిప్పగానే ఉంది. రాయి అయ్యే దారిలో ఉంది. దారిలో ఉన్నదాన్ని ఆపి మేం బట్టీలో వేశాం, గోడలకు పూశాం, నమిలాం. ఆ వేసవులన్నిటిలో నా చేతుల్లోంచి పోయిన గంపలు తలచుకుని అరిచేతులు తిప్పి చూసుకున్నాను. చంపామని కాదు, అవి ఎప్పుడో చచ్చాయి. ఒక్కొక్కటీ ఒక్కసారే బతికిందనీ, మళ్ళీ రాదనీ తెలియకుండా, విత్తనం వేశాం కదా అన్న ధీమాతో తవ్వుకుపోయాం.

మరి మనిషి రాయవుతాడా అని అడిగాను. బురదలో పడి వెంటనే కప్పబడిపోతే ఎముకలు నిలవచ్చంది. కాల్చేస్తే అని అడిగి, రాజేశ్వరి నోరు విప్పేలోపు నేనే చెప్పాను, మీ పెదనాన్నని కాల్చాం కదా, పోనీలే అని.

అప్పుడే ఆయన మాట గుర్తొచ్చింది. ఎన్నేళ్ళుంటాయంటావు అని అడిగింది దీని గురించే. నేను రెండేళ్ళు చిన్నది అని వేళాకోళం చేశాను. ఆయన తీసుకెళ్ళిన జవాబు అదే. అసలు జవాబు ఉందని తెలిశాక నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. చెప్పవే, ఎన్నేళ్ళు అని వెంటపడ్డాను. చూస్తే తెలియదంది. తవ్విన గొయ్యి ఉంటే పొరలు చూసి కొంత చెప్పవచ్చు, పెట్టెలో చీరల్లాగే, అన్నిటికన్నా అడుగున ఉన్నదే పాతది. కానీ మేం ఏటా తవ్వి, అడుగుది పైకీ పైది అడుక్కీ వేసి, విత్తనం పేరుతో కలిపేశాం. మిగిలిందాన్ని రొయ్యల చెరువులవాళ్ళు మిషన్లతో తోడేశారు. ఇక గుల్లనే అడగాలి. బతికున్నంతకాలం ప్రతి జీవీ గాలి నుంచో నీళ్ళ నుంచో ఒక రకం బొగ్గును, కార్బన్ అంటారట, ఒంట్లోకి తీసుకుంటుందట. చచ్చిన రోజునుంచీ కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. ముద్దకర్పూరం మూత తీసి పెడితే తరిగిపోయినట్టు. ఎంత వేగంగా తరుగుతుందో తెలుసు కాబట్టి, ఎంత మిగిలిందో చూసి ఎప్పుడు చచ్చిందో చెప్పేస్తారు.

నాకు నమ్మకం కుదరలేదు. వెక్కిరింపుగానే అడిగాను.

“అయితే నా రోలుకి కూడా సెప్పు మరి, ఎన్నేళ్ళో.”

“అది కొండరాయి దొడ్డమ్మా. అది బతికినది కాదు, దాన్లో ఆ కర్పూరం ఉండదు. దానికి ఏరే లెక్క.”

ఆ రాతిలో కంటికి కనపడని గింజలుంటాయట. వాటిలో నా నోరు తిరగని పేరుగల లోహం ఒకటి, మహా నెమ్మదిగా సీసంగా మారుతూ ఉంటుందట. ఎంత సీసమైందో చూసి లెక్క కడతారట. రోలులో నేను రోజూ చూసే ఎర్రచుక్కలు, భూమి కడుపులో ఆ రాయి ఉడికినప్పుడు పుట్టాయట. అలా ఉడికింది కాబట్టి అందులో ఏ జీవి అచ్చూ దొరకదు. మా వైపు కొండలన్నీ ఇంచుమించు అంతే. ఎన్నేళ్ళే అంటే, నూరు కోట్ల ఏళ్ళ మాట అంది. నేను పెరటి వైపు చూశాను. వర్షం వస్తే బోర్లించడానికి బద్ధకించి తిట్టుకునే రోలు. ఆయన ప్రాణం పోతున్నప్పుడు నేను దాని ముందు కూర్చుని పప్పు రుబ్బుతున్నాను. నూరు కోట్లు. ఆ అంకె నాకు పట్టలేదు, ఇప్పటికీ పట్టదు. ఆ రోజు సాయంత్రం పచ్చడి రుబ్బబోయి, పొత్రం ఎత్తలేక వెనక్కి వచ్చేశాను.

గుల్ల వయసు తేల్చాలంటే అందులోంచి ముక్క కోసి, యాసిడ్లో కరిగించాలట. కరిగిన ముక్క ఇక తిరిగి రాదు. ఆ మాట వినగానే గుల్లను లాక్కుని కొంగులో ముడేశాను. కొత్తవలసలో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే అదీ అలాగే అంది, నాన్న గుర్తు అదొక్కటే, ముక్కలు సెయ్యనివ్వకమ్మా అని. ఆయన అడిగిందానికి జవాబు కావాలి. జవాబు కావాలంటే ఆయన పట్టుకుపోయినదాన్ని కొయ్యాలి. రెండు మూడు రోజులు ఆ ముడి విప్పలేదు. చివరికి నాకు గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. రాజేశ్వరిని గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించాను. ఇదీ ఆ గోతిలో గుల్లే, నేనే ఏరాను, కాల్చి పూశాం. కావలసినంత గీరుకుపో, దీన్ని మాత్రం ముట్టుకోకు అన్నాను.

ఆ గోడ సంగతి చెప్పాలి. మా వాళ్ళలో కొత్త కోడలు వస్తే ఆ జంట ఉండే గదికి ఆ ఇద్దరే సున్నం పూత పూయాలి. మేమే పూశాం. ఆయన పైన, నేను కింద. పూసినాక తలుపు మూయకూడదు, గోడ గాలి తాగాలి, గోరుతో గీరితే పొడి రాలనంత గట్టిపడేదాకా అంతే అని అత్త కట్టడి. ఎదురుగా నడవలో ఆవిడ మంచం. కొత్త పెళ్ళికొడుకు, తెరిచిన తలుపు. ఆయన పళ్ళు కొరుక్కుంటూ, ఈ గోడ కల్లు తాగినట్టు తాగతన్నాదే, ఎప్పటికి సాల్తాదో అనేవాడు. పొద్దున్న లేవగానే గోరుతో గీరి చూసేవాడు. ఆ గీతలు గూటి పక్కన ఇప్పటికీ ఉన్నాయి.

రాజేశ్వరి నవ్వలేదు. ఆ గీతల మీద వేలు పెట్టి నిలబడింది.

“ఇది గుల్ల వయసు సెప్పదు దొడ్డమ్మా. బట్టీలో కాలినప్పుడే ఆ పాత బొగ్గంతా గాలిలోకి ఎలిపోనాది. గోడకి పూసినాక, తడి సున్నం మళ్ళీ గాలిలోంచి తీసుకుని గట్టిపడతాది. లెక్క అక్కడి నుంచి మొదలు. ఈ గోడని అడిగితే మీ పెళ్ళి సంగతి సెప్తాది.”

“గాలిలోంచంటే, ఏ గాలే?”

“ఆ దినాల్లో ఈ గదిలో ఉన్న గాలి.”

“గదిలో మేవిద్దరవే ఉన్నాం కదే.”

“మరయితే మీరు ఇడిసిన ఊపిరి కూడా కొంత తాగే ఉంటాది.”

నేను గోడ వైపు తిరిగాను. ఇన్నాళ్ళూ ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్నాను, చీపురుతో బూజు దులిపాను, మేకులు కొట్టాను. ఆయన పోయిన రోజు దానికే తల బాదుకున్నాను. గుల్ల ఆయన గుర్తు, అంతవరకే. అందులో ఉన్న ఊపిరి ఏదో ముక్కూ మొహం లేని పురుగుది. మా ఇద్దరిదీ గోడలో ఉంది. అరిచేయి ఆనించి చూశాను. చల్లగా ఉంది, రోజూ ఉన్నట్టే. కొంగుముడి విప్పి, గుల్లను ఆయన తువ్వాలులో చుట్టి రాజేశ్వరి చేతిలో పెట్టాను. అమ్మాయికి ఫోన్లో ఇదంతా చెబితే, ఆ గోడకి రంగులెయ్యకమ్మా అంది.

గుల్ల తిరిగొచ్చింది, అంచున గోరంత మేర లేకుండా. లెక్క తర్వాత వచ్చింది. ఆరు వేల ఏళ్ళు అంది రాజేశ్వరి, కొంచెం అటూ ఇటూగా. ఆరు వేలు వినడానికి సిద్ధపడే ఉన్నాను, రోలు దెబ్బ తిన్నదాన్ని కదా. అటూ ఇటూ అంటే ఎంతే అన్నాను. నూరేళ్ళు అటు కావచ్చు, నూరేళ్ళు ఇటు కావచ్చు అంది. ఆ మాటకు మాత్రం సిద్ధంగా లేను. మా అత్త, ఆవిడ బెల్లంముక్కలు, నుదుటి మీద రక్తం, తెరిచిన తలుపు, బట్టీ వెలగడం, బట్టీ ఆరిపోవడం, ఆయన చివరి దగ్గో నవ్వో, అన్నీ కలిపి ఆ అటూ ఇటూలో పడిపోయాయి. ఇంకా చోటు మిగిలింది కూడా. అప్పుడు మాకు ఏమీ తెలియదు, తెలియకుండానే తవ్వాం, కాల్చాం, విత్తనం వేశాం, కడుపు నిండా నవ్వాం. ఇప్పుడు తెలిసింది. పక్క ఊళ్ళలో కూడా గుల్ల సున్నం ఎవరూ కొనరు, బస్తాల్లో వచ్చే రంగులే. తట్టి చూసి చెప్పడానికి ఇంకొక గుల్లా లేదు, వినడానికి అత్తా లేదు. మొన్న గుల్లను రోలు అంచుకు తట్టి చూశాను. దబ్బుమంది. అది మాత్రం మారలేదు.

“రాజేశ్వరీ, ఇంక సాలు. మొదట్నుంచి సదివి యినిపించు. నా పక్కకి కాదు, గోడ పక్కకి తిరిగి సదువు. గట్టిగా సదవాల, మీ పెదనాన్నకి సెవి మందం. మొదటి మాట ఆయనది, ఆయన అరిసినట్టే అరువు. రెండోది నాను అన్న మాట. అది సదవకు, అక్కడ ఆగు. ఆ జవాబు నాను సెప్తాను.”